మొహం మీది పొక్కులన్నీ మొటిమలు కావు

కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లు మరీనూ.

మా తమ్ముడి కొడుక్కి 24 ఏళ్లు. సంబంధాలు చూస్తున్న రోజుల్లోనే కంటి రెప్పల మీద, ముక్కు పక్కల, గడ్డం మీద ఆవగింజంత ఎర్రటి పొక్కులు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు. ఒక మందుల షాపులో ట్యూబు ఇచ్చారు. పూసినన్నాళ్లు తగ్గినట్టే ఉండి, ఆపగానే రెట్టింపయ్యాయి. అందులో ఉన్నది స్టీరాయిడ్.

మన కంటోన్మెంట్‌లోనే ఉన్న ఒకప్పటి విమ్స్‌కి తీసుకెళ్లాం. డాక్టరమ్మ పొక్కు మీద గాజు పలక అదిమి చూశారు. ఎరుపు పోయి పసుపు కలిసిన గోధుమరంగు మిగిలింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. మొహం మీద కోత అనేసరికి మా మరదలు ఏడుపు. తీసింది మాత్రం మిరియపుగింజంతే.

రిపోర్టులో వచ్చిన పేరు లూపస్ మిలియారిస్ డిసెమినేటస్ ఫేసియై. 1878లో లండన్ డాక్టరు టిల్బరీ ఫాక్స్ వర్ణించిన అరుదైన జబ్బు. మైక్రోస్కోపులో టీబీ లాగే కనబడుతుంది కాబట్టి చాలాకాలం చర్మపు టీబీ అనే అనుకున్నారు. తర్వాతి పరీక్షల్లో టీబీ క్రిమి దొరకలేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మందులు డాక్సీసైక్లిన్‌తో మొదలయ్యాయి. చాలకపోతే ఐసోట్రెటినాయిన్, డాప్సోన్ వంటివి ఉన్నాయన్నారు. డాప్సోన్ కుష్ఠుకు వాడే మందని తెలిసి ఇంట్లో గుసగుసలు. మందు ఒకటైనంత మాత్రాన జబ్బు ఒకటి కాదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేయించాలి. ఐసోట్రెటినాయిన్ గర్భిణులకు అసలు పనికిరాదు.

ఒకటి రెండేళ్లలో ఈ జబ్బు తనంతట తానే తగ్గిపోవచ్చు. కానీ పోతూ పోతూ గుంటలు వదులుతుంది. అందుకే తొందరగా చూపించుకోవాలి. మావాడికి ఎనిమిది నెలలకు కొత్త పొక్కులు ఆగాయి. రెండు మూడు గుంటలు మిగిలాయి. సంబంధం మాట్లాడిన పెద్దలకు రిపోర్టు మేమే చూపించాం. దాస్తే లేనిపోని అనుమానాలు. విన్నారు, అర్థం చేసుకున్నారు.

స్టీరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మొహం మీద పొక్కులు నెల దాటినా తగ్గకపోతే షాపువాళ్లను అడగకండి, చర్మవ్యాధుల డాక్టరును అడగండి. బయాప్సీ అంటే భయపడకండి. ఆ మచ్చ చిన్నది, జబ్బు వదిలే మచ్చలే పెద్దవి.