వెనక వైపు ఏదండీ?

మా చిన్నోడికి పోకెమాన్ కార్డుల పిచ్చి. 1996లో జపాన్‌లో మొదలైన ఆ ముక్కలు మా సామర్లకోట దాకా వచ్చేశాయండీ! సంక్రాంతికి అమ్మమ్మ ఇచ్చిన డబ్బులు దాచుకుని, ఆన్‌లైన్లో తళతళలాడే పాత కార్డొకటి చూసుకున్నాడు. ఫోటోలో ప్లాస్టిక్ కవరు, ఫ్లాష్ వెలుగు, అమ్మేవాడి బొటనవేలు తప్ప ఏమీ కనబడదే!

విలువంతా మూలల్లోనే ఉంటుందిట. వెనక నీలం అంచు అరిగి తెల్లబడితే ధర పడిపోతుందిట. గీతలైతే, కాస్త వాల్చి పట్టుకుంటేగానీ తెలియవు. ఉప్పాడ జాందానీ చీరని తిరగేసి చూడకుండా కొంటామా మనం?

"కవరు తీసి, కిటికీ వెలుగులో, ముందూ వెనకా ఫోటోలు పెట్టమని అడుగు నాన్నా" అన్నాను. అడిగాడు. రెండు రోజులైంది, జవాబు లేదు. డబ్బులు డిబ్బీలో భద్రంగానే ఉన్నాయి. వాడి మొహమే చూడలేకపోతున్నాను.