వేగం పెరిగితే మంచిదే అనుకున్నా

అమ్మ పల్లి చేన్ల కలుపు తీస్తూ "తల పగిలిపోతున్నది" అని కూలబడింది. బిజినేపల్లి నుంచి మహబూబ్‌నగర్, అక్కణ్నుంచి హైదరాబాద్. మెదడులో ఉబ్బిన రక్తనాళం చిట్లిందన్నారు. కాయిల్ వేసి మూసేశారు. గండం గడిచిందనుకున్నాం.

డాక్టరమ్మ మాత్రం "అసలు కాపలా ఇప్పుడే మొదలు" అన్నారు. రక్తం కారిన నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా మెదడు నాళాలు బిగుసుకుపోవచ్చట. అందుకే నాలుగు గంటలకోసారి నిమోడిపిన్ మాత్ర.

రోజూ పొద్దున ఆమె వచ్చి అమ్మ కణతమీద, చెవికి కాస్త ముందు, పెన్నులాంటి ప్రోబ్ ఆనించేవారు. అక్కడ పుర్రె పలచన. కొందరికి అక్కడా ఎముక మందమై ధ్వని లోపలికి పోదు, అమ్మకు పోయింది. ఫుస్... ఫుస్... అని సప్పుడు, తెరమీద గీతలు, పక్కన అంకె. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అంటారు. 1982లో నార్వేకు చెందిన రూనె ఆస్లిడ్, ఆయన సహచరులు ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. స్కానింగ్‌కు తీసుకుపోనక్కర్లేదు, మంచం దగ్గరే అయిపోతుంది.

ఐదో రోజు 90. ఆరో రోజు 130.

బయట బెంచీ మీద నాయిన. "ఏమన్నరు బిడ్డా?"

"రక్తం ఇంకా స్పీడుగ ఉరుకుతున్నదట నాయినా, మంచిగనే ఉంది" అన్నాను. ఆఫీసులో రోజంతా గ్రాఫులు చూసేవాణ్ని కదా, గీత పైకి పోతే సంబరమే. నాయిన ఊరికి ఫోన్ చేసి అందరికీ చెప్పేశాడు.

సాయంత్రం అమ్మ మగతగా, పిలిస్తే ఆలస్యంగా పలికింది. అప్పుడు అడిగితే డాక్టరమ్మ విడమరిచారు. సెకనుకు 120 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి, 200 దాటితే ప్రమాదమే. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి చూడండి, అట్లా. నాళం సన్నబడ్డది గనుకే వేగం. అయితే జ్వరం వంటివాటితో రక్తమే ఎక్కువ పారినా అంకె పెరుగుతుంది. అందుకే మెడలోని నాళం వేగాన్నీ కొలిచి పోలుస్తారు. మూడింతలు దాటితే బిగింపే. అమ్మది దాటింది.

బీపీని కావాలనే పెంచి ఉంచారు. నాయినకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పొలానికి నీళ్లు కట్టిన మనిషి, పైపు మాట అనగానే అర్థమైంది. నా దిక్కు చూడలేదు.

తొమ్మిదో రోజు 165. ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. పదమూడో రోజుకు 100, తర్వాత 80.

ఇప్పుడు అమ్మ చేనుకు పోతున్నది, ఎడమచెయ్యి కొంచెం మందం. ఐసీయూ సంగతులేవీ గుర్తులేవంటుంది, ఒక్కటి తప్ప.

"పొద్దుగాల్ల ఎవరో మోటరు ఏసినట్టుండెరా. మన బోరు అనుకున్న."