బియ్యపు గింజకన్న చిన్న పని

మేము దంపతులము ఊరిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణము పెట్టినప్పుడు పార్టులన్నీ చేతికి దొరికేవి. రెసిస్టరుకు రెండు పొడవైన తీగలుండేవి. వాటిని బోర్డు రంధ్రాలలో దూర్చి, వెనుక లెడ్డు పెట్టి అతికితే పని అయ్యేది. ఇప్పటి బోర్డులకు ఆ రంధ్రాలు చాలావరకు లేవు. పార్టు బోర్డుమీదే పడుకొని ఉంటుంది. 0603 అనే కొలతగల రెసిస్టరు పొడవు 1.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.8. తుమ్మితే ఎగిరిపోతుంది, మరి దొరకదు. గనుక చాలామంది మెకానిక్కులు "బోర్డు మార్చాలి" అని చెప్పేస్తారు. బీదవాని ఇంట ఆ మాట చాలా బరువు.

మొన్న వేసవిలో ఒక పెద్దాయన మోటారు స్టార్టరు బోర్డును సంచిలో తెచ్చాడు. ఫోను చేస్తే బోరు మోటారు తిరిగే రకము అది. ఆయనకు మోకాలి ఆపరేషను అయినది, పొలము మూడు కిలోమీటర్లు. స్టార్టరు చెడినప్పటినుండి ఆయన భార్యే రాత్రివేళ టార్చిలైటు పట్టుకొని వెళ్ళి మోటారు వేసి వస్తున్నదట. రెండుసార్లు పాము ఎదురైనదట. "అమ్మాయీ, కొత్తది కొనే స్థితి లేదు. అవుతుందో కాదో ముందే చెప్పండి" అన్నాడు.

మీటరు పెట్టి చూస్తే రిలేను నడిపే ట్రాన్సిస్టరు పోయింది. మూడు కాళ్ళు, పొడవు 3 మిల్లీమీటర్లకు లోపే. మాలో ఒకరికి చూపు మెరుగు, మరొకరికి చేయి వణకదు. ఒకరు పట్టకారు, ఒకరు ఐరన్ పట్టుకున్నాము.

పాతదానిని తీయుటే కష్టము. ఫ్యాక్టరీలలో ఇప్పుడు ఎక్కువగా వాడేది సీసము లేని లెడ్డు (పేరు మాత్రము లెడ్డే!). అది సుమారు 217 డిగ్రీలకు గాని కరగదు. తగరము 63, సీసము 37 పాళ్ళు కలిసిన మా తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది. గనుక పేస్టు రాసి, మూడు కాళ్ళమీదా మా తీగనే ధారాళముగా కరిగించాము. రెండూ కలిస్తే తేలికగా కరుగుతాయి. అటూ ఇటూ మార్చి వేడిచేస్తే పార్టు తానే కదులుతుంది. అంతకుముందే లాగితే క్రింది రాగిరేకు లేచి వస్తుంది. మిగిలిన లెడ్డును రాగి అల్లికతో పీల్చివేయాలి.

కొత్తదానికి మూడు కాళ్ళూ ఒకేసారి అతకరాదు. ఒక రేకుమీదనే కొంచెము లెడ్డు వేసి, దానిని కరిగిస్తూ పార్టును జరిపి ఒక్క కాలు అంటించాలి. వంకరగా కూర్చుంటే అప్పుడే సరిచేయవచ్చు. తరువాత మిగతా రెండు. ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లు చాలు. పేస్టు లేకపోతే లెడ్డు ముద్దగా నిలుస్తుంది, ఉంటే పరచుకొని మెరుస్తుంది. చాలామంది తమ చేయి పనికిరాదనుకుంటారు గాని, తక్కువైనది పేస్టే. ప్రక్కనున్న డయోడును కూడా చూడాలి. అది చెడితే రిలే ఆగినప్పుడల్లా వచ్చే ఎదురుదెబ్బకు కొత్త ట్రాన్సిస్టరు కూడా పోతుంది. ఇందులో అది బాగానే ఉన్నది.

సీసముతో పని గనుక, సబ్బుతో చేతులు కడుక్కొనకుండా పిల్లలకు అన్నము కలపవద్దని ఈ పని చేసే తల్లులకు మా మనవి.

పెద్దాయన బల్లమీదనే కూర్చున్నాడు. బోర్డుకు కరెంటు ఇచ్చి ఫోను చేయమన్నాము. రిలే టక్కుమన్నది. నమ్మలేక ఇంకా రెండుసార్లు చేసి చూశాడు. ఆ తరువాత ఇంటికి ఫోను చేసి, "ఇదిగో, ఈ రాత్రి నువ్వు పొలం పోనక్కరలేదు" అన్నాడు. కూలి 80 రూపాయలు తీసుకున్నాము.