పది దినాల్లో బాగైతాడా?

కర్నూలు బుధవారపేటలోని పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మందు మాన్పించుకోవడానికి వచ్చినవాళ్లే. నేను హెరాయిన్ గురించి అడిగితే డాక్టరు నవ్వారు. "దానికి పంజాబో, మణిపూరో పోవాల. ఇక్కడ దాని చుట్టాలు మెడికల్ షాపులో దొరుకుతాయి."

ఆ చుట్టాలు ట్రమడాల్, టపెంటడాల్. నొప్పి మాత్రలే గానీ మెదడులో పనిచేసే చోటు హెరాయిన్‌దే. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో హెరాయిన్ వాడేవాళ్లు 1.14 శాతమైతే, ఇలాంటి మందులు వాడేవాళ్లు 0.96 శాతం. అంతరం అంతే.

పత్తికొండ అవతలి పల్లె నుంచి కొడుకును తెచ్చిన తల్లి అడిగింది: "పది దినాలు పెట్టుకుంటే బాగైతాడంట గదా సార్?"

"ఒళ్లు తేరుకుంటాదమ్మా. ఆశ అట్లనే ఉంటాది."

మానేసిన మొదటి రెండు మూడు రోజులు నరకం. ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ల పీకుడు, విరేచనాలు. వారం, పది రోజుల్లో అవి సర్దుకుంటాయి. అసలు గండం ఆ తర్వాతే. ఒంటికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. ఇంటికెళ్లి పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే, గదిలో పెట్టి తాళం వేసి 'మాన్పించాం' అనే చోట్లంటే నాకు భయం.

నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఆ ఆశను అణచిపెడుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాలి. సూదులతో హెచ్‌ఐవీ పాకకుండా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపే కేంద్రాల్లో దాన్ని సాధారణంగా రోజూ కళ్లెదుటే నాలుక కింద పెట్టిస్తారు. ఆ పద్ధతి నగరానికి సరిపోతుంది.

"రోజూ యాడొస్తాం సార్, కూలి పోతాది" అంది తల్లి.

వారానికి సరిపడా చేతికిస్తే అమ్ముకుంటారేమోనని అనుమానం. కడప రిమ్స్‌కు ముద్దనూరు, పులివెందుల వైపు నుంచి వచ్చేవాళ్లకైనా ఇదే దూరాభారం. వైద్యానికి తమంతట తాము వస్తే, తక్కువ సరుకుతో దొరికిన వ్యసనపరులకు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కేసు నుంచి రక్షణ ఇస్తుంది. బస్సు చార్జీ సంగతి ఏ సెక్షన్లోనూ లేదు.

డాక్టరు చివరికి నాల్ట్రెక్సోన్ గురించి చెప్పారు. మత్తు ఒంట్లోంచి పూర్తిగా పోయాక మొదలుపెడతారు. అది వాడుతున్నంతకాలం మామూలుగా ఆ మాత్రలు మింగినా కిక్కు రాదు. దీన్ని అమ్ముకున్నా కొనేవాడుండడు. మధ్యలో మానేసేవాళ్లు మాత్రం చాలామంది.

"పొద్దున్నే నువ్వే ఇచ్చి మింగించాల" అన్నారు డాక్టరు.

"నేను పనికి పోయేది ఆరింటికి సార్. వాడు లేసేది తొమ్మిదికి."

"అయితే ఆరింటికే లేపు."