సంచీ తేలిక, నీళ్లే బరువు

కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. సూరత్ బట్టల బజారు నుంచి డాంగ్ అడవులకు బయల్దేరే వారికి అర కిలో కూడా తూగని వడపోత సంచీ చాలు. కాని అందులో ఏ నీళ్లు పోయాలో తెలిసి ఉండాలి.

సూరత్ రింగ్ రోడ్డు జౌళి మార్కెట్లలో బేరమాడాలంటే డెనియర్ లెక్క తెలియాలి. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. కృత్రిమ పోగు బట్టకు దేశంలోనే పెద్ద కేంద్రమైన ఈ నగరంలో చీర దగ్గర్నుంచి గొడుగు గుడ్డ దాకా అన్నిటి బరువూ ఈ అంకెతోనే తెలుస్తుంది. వీపున సంచీ తగిలించుకుని కొండలెక్కే వారిదీ ఇదే లెక్క. గుడారం, పరుపు, వంట సామాను అన్నిటి బరువూ గ్రాముల్లో తగ్గించుకుంటూ వచ్చినా ఒక్కదాని దగ్గర మాత్రం వాళ్ల లెక్క ఆగిపోతుంది. లీటరు నీళ్లు కిలో బరువు. దాన్ని తగ్గించే నేత ఇంకా పుట్టలేదు.

రోజుకు నాలుగు లీటర్లు కావాలనుకుంటే రెండు రోజుల నడకకు ఎనిమిది కిలోలు. అంత బరువు మోసే బదులు దారిలో దొరికే వాగు నీటినే తాగడానికి పనికొచ్చేలా చేసుకోవడం తెలివైన పని. గురుత్వాకర్షణతో పనిచేసే వడపోత సంచీ పుట్టింది ఆ అవసరం నుంచే.

ఎత్తే దాని ఇంధనం

దాని నిర్మాణం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మురికి నీటికి ఒక సంచీ, మంచి నీటికి ఒక సంచీ, మధ్యలో గొట్టం, గొట్టంలో వేలెడంత ఫిల్టర్. మొదటి సంచీని చెట్టు కొమ్మకు తగిలించి రెండోదాన్ని నేల మీద పెడితే మిగతా పని భూమి చూసుకుంటుంది. రెండు నీటి మట్టాల మధ్య మీటరు ఎత్తుంటే వాతావరణ పీడనంలో సుమారు పదో వంతు ఒత్తిడి పుడుతుంది. ఎత్తు పెంచితే ధార పెరుగుతుంది. గొట్టం పొడవుగా ఉంచడంలో కిటుకు ఇదే.

ఫిల్టర్ లోపల ఉండేవి సన్నని బోలు పోగులు. వాటి గోడల్లోని రంధ్రాలు మైక్రాన్‌లో పదో వంతో, రెండు వంతులో ఉంటాయి. మూత్రపిండాలు పాడైన వారికి డయాలిసిస్ చేసే యంత్రంలోనూ ఇలాంటి బోలు పోగులే ఉంటాయి. సూరత్‌కు ఈ వడపోత సూత్రం కొత్తదేమీ కాదు. నగరపాలక సంస్థ పాండేసరా పారిశ్రామికవాడ మిల్లుల కోసం 2014లో మురుగునీటిని మళ్లీ వాడకానికి తెచ్చే ప్లాంటు ప్రారంభించింది. దాని సామర్థ్యం రోజుకు 4 కోట్ల లీటర్లు. అక్కడా నీరు ముందు ఇటువంటి సూక్ష్మ పొరల గుండానే సాగుతుంది. అయితే అక్కడితో ఆగదు. లవణాలు పోవడానికి రివర్స్ ఆస్మాసిస్ దాకా వెళ్లాలి. ఈ తేడాను కొండలెక్కేవాడు గుర్తుపెట్టుకోవాలి.

సంచీని సొంతంగా తయారు చేసుకోవడం కష్టం కాదు. కాని బట్ట ఎంపికలోనే చాలామంది పొరబడతారు. వానకోటు గుడ్డ తెచ్చి దర్జీతో కుట్టిస్తే సూది పడ్డ ప్రతి చోటా నీళ్లు కారతాయి. అందుకు కావలసింది ఒకవైపు వేడికి అతుక్కునే టీపీయూ పూత ఉన్న 70 డెనియర్ నైలాన్. పూత ఉన్న ముఖాలను ఎదురెదురుగా పెట్టి అంచు వెంట ఇస్త్రీ పెట్టెతో నొక్కితే కుట్టు లేకుండానే అతుకు పడుతుంది. ముందు చిన్న ముక్కల మీద వేడి సరిచూసుకోవాలి. పూత తాగునీటికి పనికొచ్చేదో కాదో అమ్మేవాణ్ని అడిగి తెలుసుకోవాలి. అడుగున గొట్టానికి బిగించే నాజిల్, పైన చుట్టి మూసే నోరు, తగిలించేందుకు పట్టీ ఉంటే సంచీ సిద్ధమైనట్టే. ఫిల్టర్‌ను మాత్రం కొనుక్కోవలసిందే. అది ఇంట్లో తయారయ్యే వస్తువు కాదు.

వాడకంలో ధార ఆగిపోతే చాలాసార్లు కారణం గొట్టంలో చిక్కుకున్న గాలి. మంచినీటి సంచీని ఒక్క నిమిషం పైకెత్తితే నీరు వెనక్కి వెళ్లి గాలిని తోసేస్తుంది. పోగుల్లో పేరుకున్న బురద కూడా ఆ పోటుకు కొంత వదులుతుంది. తడిసిన ఫిల్టర్‌లోకి నోటితో ఊదినప్పుడు గాలి ధారాళంగా అవతలికి పోతే పోగులు తెగాయని అర్థం. హిమాలయాలకు వెళ్లే వారు రాత్రిళ్లు ఫిల్టర్‌ను పడక సంచీలోనే దాచుకోవాలి. లోపలి నీరు ఒక్కసారి గడ్డ కడితే పోగులు చిట్లుతాయి, అది పైకి కనిపించదు.

చీర కొంగు శాస్త్రం

లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీలే వారిలో ఎక్కువ. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. కడవ మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడగట్టడం ఆ ఇళ్లలోని పెద్దవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వరద నీటి బురద తేరడానికి చిల్ల గింజ అరగదీసి కలపడమూ తెలుగు నేలకు పాత విద్యే.

దీన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ గ్రామాల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడగట్టించింది. కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించింది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ జీవులను అంటిపెట్టుకుని ఉండటమే ఇందుకు కారణం. ఉతికి ఉతికి పోగులు ఉబ్బిన పాత చీరే బాగా పట్టింది. నారికురుపు పురుగును దేశం నుంచి తరిమిన పోరాటంలోనూ వడకట్టే గుడ్డ ముఖ్యమైన ఆయుధం. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఆ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది.

ఇక్కడ చిన్న విచిత్రముంది. దేశమంతటికీ చీరలు పంపే సూరత్‌లో తయారయ్యేది ఎక్కువగా కృత్రిమ పోగు చీర. వడపోతకు కావలసింది మాత్రం నాయనమ్మ పాత నూలు చీర. ఫిల్టర్‌కు ముందు దాని మడతలు వేస్తే బురద అక్కడే ఆగి పోగులు ఎక్కువ కాలం మన్నుతాయి.

సంచీ ఆపలేనివి

సూరత్‌కు ఆగ్నేయాన ఉన్న డాంగ్ జిల్లా ఇలాంటి సంచీకి అసలైన పరీక్ష పెడుతుంది. ఆహ్వా, వఘయి, సాపుతారా దారుల్లో వానాకాలమంతా పూర్ణ, అంబిక నదులు ఎర్రగా పొంగుతాయి. వేసవికి అవే రాళ్ల మధ్య మడుగులుగా మిగులుతాయి. అంత వాన పడే కొండల్లోనే గ్రామాలు ఎండాకాలం తాగునీటికి ఇబ్బంది పడతాయి. పశువులు దిగే ఆ మడుగుల నీటిలో బ్యాక్టీరియా, జియార్డియా వంటి పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ. జియార్డియా తిత్తి 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఫిల్టర్ దాన్ని తేలిగ్గా ఆపుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ మైక్రాన్‌లో ముప్పయ్యో వంతు కూడా లేదనుకోవచ్చు. అది ఈ రంధ్రాల్లోంచి దర్జాగా దాటుతుంది. మనుషుల మురుగు కలిసే అవకాశమున్న చోట వడపోత తర్వాత క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగడమో, నీటిని తెర్లేలా మరిగించడమో తప్పదు. విదేశీ కొండల కోసం రాసిన సూచనల్లో ఈ జాగ్రత్త తరచూ కనబడదు. మన దేశంలో ఇదే అతి ముఖ్యం.

రంగులు, పురుగుమందులు, ఉప్పు కూడా పోగులకు చిక్కవు. పాండేసరా, సచిన్ వైపు రంగుల మిల్లుల చుట్టుపక్కల కాల్వల నీటిని వడగడితే వచ్చేది తేటగా కనిపించే విషం కావచ్చు. తాపి నదిలోనూ సింగన్‌పోర్ ఆనకట్టకు ఎగువన మంచినీరు, దిగువన సముద్రపు పోటుతో కలిసిన ఉప్పునీరు. ఒకే నదిలో ఒక గోడకు అటొక రకం, ఇటొక రకం.

నీటిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో సూరత్‌కు తెలిసినంతగా మరో నగరానికి తెలియదు. 1994 సెప్టెంబరులో వానలు, వరద, చెత్త తర్వాత ప్లేగు వచ్చింది. లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరం చీపురు పట్టి దేశానికి ఆదర్శమైంది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటికి నగరంలో అధిక భాగం మునిగింది. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. మేడ మీద చిక్కుకున్న కుటుంబానికి, కొండ మీద విడిది చేసిన వ్యక్తికి అప్పుడు అవసరం ఒకటే.

అందుకే ఈ సంచీని కేవలం కొండలెక్కే వారి సరదా వస్తువుగా చూడనక్కర్లేదు. నది ఒడ్డున ఉన్న ఏ ఇంట్లోనైనా మేకుకు వేలాడదీసి ఉంచదగ్గది. పక్కనే క్లోరిన్ బిళ్లల సీసా, మడతపెట్టిన పాత నూలు గుడ్డ కూడా ఉంటే నాలుగు రోజులు ధైర్యంగా గడపవచ్చు. వడగట్టడం సంచీ పని. దానిలో ఏ నీళ్లు పోయాలో, దేన్ని పారబోయాలో తేల్చుకోవడం మనిషి పని.