కల్లం కాపలా

మార్చి నెలలో మధిర వైపు బస్సులో వస్తుంటే ఊరు కనిపించకముందే తుమ్ములు మొదలవుతాయి. రోడ్డు పక్కన ఎర్రగా పరిచిన మిరప కల్లాల మీదుగా గాలి వీస్తుంది. కళ్ళు చెమ్మగిల్లుతాయి, గొంతు గరగరలాడుతుంది. కొత్తవాళ్ళు కిటికీ అద్దాలు మూసుకుంటారు. మాకు మాత్రం ఆ ఘాటు తగిలితేనే ఇంటికి చేరినట్టు.

ఎండను తిట్టుకోని మనిషి ఉండడు. కానీ మిరప రైతుకు ఎండ కూడా పెట్టుబడే. చెట్టు మీద పండిన కాయలో నీరు నిండుగా ఉంటుంది. దాన్ని కోసి, కల్లంలో పల్చగా పరిచి, రోజూ తిరగేస్తేనే కాయ గలగలలాడుతుంది. మా పెదనాన్న పిడికెడు కాయలు చెవి దగ్గర ఆడించి, లోపలి గింజల చప్పుడు విని, ఇంకెన్ని రోజులు ఎండాలో చెప్పేవాడు. తేమ మిగిలితే బస్తాలో బూజు పడుతుంది, ఖమ్మం మార్కెట్లో ధర పడిపోతుంది. వాన తగిలి రంగు పోయిన కాయ 'తాలు' కిందికి వెళ్ళిపోతుంది. మేలు కాయకు పెట్టిన కష్టమే తాలుకూ పెట్టి ఉంటాం, ధర మాత్రం మేలు కాయ ధరలో ఎన్నో వంతుకో పడిపోతుంది. మా వైపు ఎక్కువగా వేసేది తేజ రకం. సన్నకాయ, గట్టి ఘాటు, విదేశాల్లోనూ గిరాకీ. ఆ ఎరుపూ ఘాటూ నిలవాలంటే ఎండ నిండుగా కాయాలి. అందుకే ఏప్రిల్‌లో మబ్బు పడితే పట్నంలో జనం డాబాలెక్కి సంతోషిస్తారు, కల్లం దగ్గర మా గుండెలు దడదడలాడతాయి.

కాయకు మేలు చేసే ఎండ, కాయ కోసే మనిషికి మేలు చేయదు.

మిరప కోతకు ఎన్ని చేతులైనా చాలవు. ఊళ్ళో కూలీలు సరిపోక ఏజెన్సీ మండలాల నుంచి, భద్రాచలం అవతల ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. చేల పక్కనే గుడారాలు వేసుకుని కోతలయ్యేదాకా ఉంటాయి. తెల్లారకముందే చేలో దిగి, తలకు తువ్వాలు చుట్టుకుని, చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని ఆడవాళ్ళు సాళ్ళ వెంట వంగి నడుస్తుంటే, దూరానికి వాళ్ళ వీపులు మాత్రమే కనబడతాయి.

మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చుట్టూ గాలి అంతకంటే వేడెక్కాక ఒళ్ళు చల్లబడడానికి చెమట ఒక్కటే దారి. చెమట కారితే చాలదు, ఆరాలి. ఆరేటప్పుడే అది ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఏప్రిల్ వడగాడ్పులో చెమట పట్టిందీ తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. దాహం వేసేలోపే ఒంట్లో నీరూ ఉప్పూ హరించుకుపోతాయి. మే నెలాఖరుకు గాలిలో తేమ చేరి ఉక్కపోత మొదలైతే చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. ఎండ రెండు డిగ్రీలు తగ్గినా ప్రాణం ఇంకా ఎక్కువ తల్లడిల్లేది అందుకే. మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలు తాకితే వడగాలులని, 47 తాకితే తీవ్ర వడగాలులని వాతావరణ శాఖ లెక్క. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వాళ్ళకు 45 కొత్త అంకె కాదు. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనికి వెళ్ళక తప్పని కూలీలు.

మా నాయనమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు. చేలోకి పంపే మజ్జిగ కుండలో ఆమే స్వయంగా ఉప్పు కలిపేది. "ఉప్పేసుకు తాగండమ్మా, ఉత్త నీళ్ళు ఒంట్లో నిలవవు" అనేది. ఈ రోజు వైద్యులు లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగమని చెబుతుంటే నాకు ఆ కుండే గుర్తొస్తుంది.

పగలు ఎండతో గడిస్తే రాత్రి దోమలతో గడవాలి. కల్లంలో రాశి పోశాక ఎవరో ఒకరు కాపలా పడుకోవాలి. నా పదహారో ఏట, పరీక్షలయ్యాక, పెదనాన్నతో పాటు నన్నూ పంపారు. ఎండాకాలం వైరా నది ఇసుక మేటల మధ్య మడుగులుగా మిగులుతుంది. కాలువల్లో నీళ్ళు ఆగిపోయాక గుంటల్లో పచ్చటి నిల్వనీరు ఉంటుంది. దోమలు పెరిగేది అక్కడే. ఒంటి వేడి, చెమట వాసన, మనం విడిచే బొగ్గుపులుసు వాయువు, ఈ మూడూ పసిగట్టి ఆడదోమ వెతుక్కుంటూ వస్తుంది. పగలంతా ఎండలో పనిచేసి, కప్పు లేని చోట పడుకునే మనిషి దానికి ఇట్టే దొరుకుతాడు.

ఆ రాత్రి నేను చేసిన తప్పు గోక్కోవడం. పొద్దంతా కాయలు తిరగేసిన చేతులవి. కడుక్కున్నా కారం గోళ్ళ సందుల్లో ఉండిపోయింది. దోమ కుట్టిన దద్దురు మీద ఆ గోరు పడగానే నిప్పు పెట్టినట్టయింది. నీళ్ళు పోసుకుంటే మంట ఇంకా పాకింది. "నీళ్ళకు లొంగదురా కారం, నూనె రాయి" అని పెదనాన్న కొబ్బరినూనె సీసా అందించాడు. నిజమే, మిరపలోని ఘాటు నూనెలో కరిగినట్టు నీళ్ళలో కరగదు. గుడారాల్లోని పసిపిల్లలకు ఈ మంట ప్రతి రాత్రీ ఉంటుందని, అమ్మ చేతి కారమే వాళ్ళ బుగ్గలకు అంటుతుందని నాకు అప్పుడే తట్టింది.

దోమకాటు ఒట్టి దురదతో పోయేది కాదు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం బయటపడింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అడవి అంచున బతికేవాళ్ళకు చలిజ్వరం ఇప్పటికీ పాత కథ కాదు. కల్లం దగ్గర పడుకునే కుటుంబానికి మంచినీళ్ళ తరవాత ఇవ్వవలసింది దోమతెర. చలితో జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

మనిషిని కుట్టని పురుగు కూడా మమ్మల్ని కుట్టింది. 2021లో నల్ల తామర పురుగు పూలల్లో దూరి మా ఖమ్మం జిల్లా తోటలను నాశనం చేసింది. తోటలే పోయినప్పుడు కల్లం పరిచే పని ఎక్కడిది? ఘాటు తగలని ఆ ఎండాకాలం నాకు అన్నిటికంటే భయంకరమైనది.

కాపలా రాత్రికి తిరిగి వస్తాను. నడిరాత్రి దాటాక గాలి పూర్తిగా స్తంభించింది. పడమట ఒక మెరుపు. పెదనాన్న దిగ్గున లేచి కూర్చుని, "తడిమట్టి వాసనొస్తోంది, లేవరా" అన్నాడు. మేం లేచేలోపే గాలిదుమారం ముంచుకొచ్చింది. రాశి మీద కప్పిన పట్టా తెరచాపలా లేచింది. నేను ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల ఎగిరిపోతోంది. అంతలో చీకట్లోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. పక్క కల్లాల రైతులు కారు, వాళ్ళ రాశులు వాళ్ళకున్నాయి. గుడారాల్లోని కూలీలు. వాళ్ళ భాష నాకు రాదు. ఒకాయన రాళ్ళు మోసుకొచ్చి అంచుల మీద పెట్టాడు. ఒకామె చేతులు బారచాచి పట్టా మీద బోర్లా పడుకుంది. వడగళ్ళు వీపు మీద టపటపా పడుతున్నా కదల్లేదు.

వాన అరగంటలో వెలిసింది. మా రాశిలో ఒక్క కాయ తడవలేదు. తెల్లారి వెలుగులో చూస్తే వాళ్ళ గుడారం కూలిపోయి ఉంది. నెలకు తెచ్చుకున్న బియ్యం తడిసి ముద్దయింది. పెదనాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నాయనమ్మ బియ్యం బస్తా బండిలో వేయించి పంపింది. బియ్యంతో ఆ రాత్రి బాకీ తీరదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ధర లేనప్పుడు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాస్తాం. మార్కెట్లో దాని పేరే ఏసీ మిర్చి. కాయ చెడిపోకుండా చల్లటి గది కట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ కాయ కోసిన మనిషికి మధ్యాహ్నం మూడు గంటలసేపు నీడ చూపడం అంతకంటే ఎన్నో రెట్లు తేలిక. పది తాటాకులు, నాలుగు గుంజలు, రెండు కుండలు, పిల్లలకు ఒక దోమతెర. పదకొండు దాటాక పని ఆపి, ఎండ వాలాక మళ్ళీ దిగితే కూలి కోయకూడదు. ఇది దానం కాదు, కూలిలో భాగం. ఎండ వల్ల వచ్చే లాభం మనం తీసుకుంటున్నప్పుడు ఎండ వల్ల వచ్చే కష్టంలోనూ మన వంతు ఉండాలి.

ఆ కాపలా రాత్రి గడిచిన మరుసటి ఏడాది పెదనాన్న కల్లం అలకడానికి ముందు చేలో తాటాకు పందిరి వేయించాడు. ఆయన పోయాక ఆ పని నాది. కోతలకు వచ్చేవాళ్ళు బండి దిగగానే ముందు పిల్లల్ని పందిరి కింద పడుకోబెడతారు. తరవాతే సామాను దించుకుంటారు.

మృగశిర కార్తె ప్రవేశించేసరికి అందరూ వెళ్ళిపోయి ఉంటారు. తొలకరి పడిన మర్నాడు నేను చేనుకు వెళ్తాను. మిరప పరిచిన నేల మీద ఎర్రటి మఖమల్ ముద్దల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. వాటిని తొక్కకుండా నడిచి, కుండలు బోర్లించి, దోమతెరలు దులిపి, తాటాకులు విప్పి మూట కట్టుకుంటాను. గుంజలు మాత్రం పీకను.