మా బాబాయికి పిస్తోలు కావాలట

"అమ్మలూ, నువ్వు కంప్యూటర్లో అన్నీ చూస్తావు గదా. జేబులో పట్టే చిన్న పిస్తోలు ఏది మంచిదో కాస్త చూసి చెప్పు."

మా బాబాయి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఫ్రిజ్ ఏ కంపెనీది కొనాలి, బోరు మోటారుకి ఏ స్టార్టర్ పెట్టించాలి అని అడిగే గొంతుతోనే అడిగాడు. ఇంజినీరింగ్ చదివిన పాపానికి మా ఇంట్లో సెల్‌ఫోన్ నుంచి సోలార్ ప్యానెల్ దాకా అన్నీ నేనే తేల్చాలి. పిస్తోలు మాత్రం ఇదే మొదటిసారి.

నవ్వే సంగతి కాదు లెండి. బాబాయిది పర్చూరు వైపు పల్లెటూరు. మొన్నటిదాకా ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. పత్తి, మిర్చి వేస్తాడు. చుట్టుపక్కల రైతుల సరుకు కూడా గుంటూరు యార్డుకి తోలి అమ్మిపెడతాడు. నిరుడు మిరపకోతలప్పుడు కూలీల బట్వాడాకని డబ్బు తీసుకుని బండి మీద వస్తుంటే, పొద్దుగూకాక, మెయిన్ రోడ్డు దిగి లోపలికి తిరిగిన చోట ఇద్దరు కుర్రాళ్ళు అడ్డం వచ్చారు. ఒకడి చేతిలో వేటకొడవలి. సంచి పోయింది, ఎడమ ముంజేతికి ఆరు కుట్లు పడ్డాయి. కేసు పెట్టాడు. గాయం మానింది. కానీ రాత్రి కుక్క మొరిగితే చాలు లేచి కూర్చుంటున్నాడని పిన్ని చెప్పింది.

అందుకని సీరియస్‌గానే కూర్చున్నాను. ఆఫీసు పని చేసినట్టే ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను: తూకం, పొడవు, గుళ్ళు ఎన్ని, ధర.

యూట్యూబ్ తెరిస్తే అన్నీ అమెరికా వీడియోలే. చొక్కా కింద కనపడకుండా ఏది పెట్టుకోవచ్చు, ఏ ఒర మంచిది, ఏ గుండు మంచిది. వాళ్ళు చెప్పేవాటిలో ఎక్కువ 9 ఎంఎం పిస్తోళ్ళు. మన దేశంలో 9 ఎంఎం మామూలు పౌరుడికి ఇవ్వరు. అది నిషిద్ధ బోర్. .38, .455 కూడా అంతే. దాంతో నా షీట్‌లో ముప్పావు భాగం ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోయింది. డాలస్‌లో ఉండే మా కజిన్‌ని అడిగితే ఇంకో తమాషా చెప్పాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు దాటిన వాళ్ళలో చాలామంది పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు. కానీ వీడిది హెచ్1బి. ఆ వీసా మీద ఉన్నవాళ్ళకి, వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. "చుట్టూ అందరి దగ్గరా ఉంటాయే, నా దగ్గర కూరగాయల కత్తి ఉంది" అన్నాడు.

సరే, మనకి మిగిలేవి ఏంటి? ముఖ్యంగా .32, ఇంకా .22. కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2014 జనవరిలో 'నిర్భీక్' అని ఒక రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, ఆడవాళ్ళ కోసం అంటూ. అర కిలో తూకం, ఆరు గుళ్ళు, ధర 1,22,360 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బుతో రెండు బైకులు వచ్చేవి. హాస్టల్లో ఉండి రాత్రి షిఫ్టులు చేసే ఏ అమ్మాయి కోసం తయారుచేశారో నాకైతే ఈరోజుకీ అర్థం కాలేదు. తర్వాత ఈషాపూర్ ఫ్యాక్టరీ నుంచి .22లో 'నిడర్' వచ్చింది, తూకం పావు కిలో. 2023లో కాన్పూర్ నుంచే 'ప్రబల్' వచ్చింది. ఇది .32, సుమారు 700 గ్రాములు, యాభై మీటర్ల దాకా పనిచేస్తుందని చెప్పుకున్నారు. బ్రిటన్ కంపెనీ వెబ్లీ అండ్ స్కాట్ కూడా యూపీలోని హర్దోయ్ జిల్లాలో .32 రివాల్వర్ల తయారీ మొదలుపెట్టింది. ఇంతే. ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు వరసలతో షీట్ అయిపోయింది.

అసలు షీట్‌లో మొదటి వరస తుపాకీ కాదు, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాలు. ఫారం ఏ-1 నింపి లైసెన్సింగ్ అధికారికి పెట్టాలి. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు. పోలీసు విచారణ, శరీరం, మనసు రెండూ బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం వాడటంలో శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు. వయసు 21 దాటాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని చట్టంలోనే రాసి ఉంది, ఇది చాలామందికి తెలీదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు అయిదేళ్ళకి ఇస్తున్నారు. ఒకరికి రెండు తుపాకులు మించకూడదు. మొత్తం మీద తేలేది ఏంటంటే, మన దగ్గర ఇది హక్కు కాదు, అనుమతి. "నాకు ప్రమాదం ఉంది" అని చూపించుకోవాలి. బాబాయి దగ్గర ఎఫ్ఐఆర్ ఉంది, చేతి మీద మచ్చ ఉంది కాబట్టి అడగడానికి కారణమైతే ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మనకి మే 13న పోలింగు, జూన్ 4న ఫలితాలు. పోలింగు రోజుల్లో పల్నాడు ఎలా ఉందో టీవీలో అందరం చూశాం. జనం తలుపులు వేసుకుని కూర్చున్న ఆ వారాల్లోనే తుపాకీ స్టేషన్ బీరువాలో ఉంటుంది. తప్పని నేను అనను. ఆ రోజుల్లో అందరి చేతుల్లో అవి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను.

ఇవన్నీ చెప్పినా బాబాయి తగ్గలేదు. అప్పుడు నాకు ట్యూలర్ గుర్తొచ్చాడు. డెన్నిస్ ట్యూలర్ అని అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని 1983లో రాశాడు. శిక్షణ ఉన్న పోలీసుకి కూడా ఒరలోంచి తీసి కాల్చడానికి ఇంచుమించు అంతే పడుతుంది. అయితే మన కళ్ళంలో చూద్దాం అన్నాను. బాబాయి బండి మీద కూర్చున్నాడు, చేతులు రెండూ హ్యాండిల్ మీద. చొక్కా లోపల బనీను జేబులో టీవీ రిమోట్. అదే పిస్తోలు. మా తమ్ముడి చేతిలో పత్తికట్టె. అదే కొడవలి. ఏడు బారలు కాదు, ఏడు అడుగులు కాదు, టేపు పెట్టి కొలిచి 21 అడుగులు.

ఏడుసార్లు చేశాం. ఆరుసార్లు పత్తికట్టె బాబాయి భుజానికి తగిలాకే చెయ్యి చొక్కాలోకి వెళ్ళింది. ఒక్కసారి రిమోట్ బయటికొచ్చింది. అది మా తమ్ముడి వైపు కాదు, వసారాలో బియ్యం ఏరుకుంటున్న పిన్ని వైపు తిరిగి ఉంది. పిన్ని "నన్ను కాల్చిపారెయ్, పీడా పోతుంది" అంది. అందరం నవ్వాం. బాబాయి నవ్వలేదు.

బండి స్టాండ్ వేసి, చాలాసేపటికి అన్నాడు: "వాళ్ళకి ఇరవై ఏళ్ళుండవమ్మా. చేతులెత్తి నిలబడ్డాను వాళ్ళ ముందు. అదే మింగుడుపడట్లా."

అన్ని రోజులు నేను తూకాలు, ధరలు చూస్తుంటే, మనిషి అడుగుతున్నది ఇది. దీనికి ఏ ఫ్యాక్టరీలోనూ సరుకు లేదు. "చేతులెత్తావు కాబట్టే ఆరు కుట్లతో పోయింది బాబాయ్" అన్నాను. జవాబివ్వలేదు. పిన్ని మాత్రం మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టి, "సంచి పోతే పోయింది, నువ్వు ఇంటికొచ్చావు. నాకది చాలు" అని లోపలికి పోయింది. ఆ రోజు తర్వాత పిస్తోలు మాట కొంచెం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఫారం ప్రింట్ తీయించుకుని బీరువాలో పెట్టుకున్నాడు.

మారినవి మామూలు సంగతులే. కూలీల్లో చాలామందికి ఫోన్‌పే చేస్తున్నాడు. ఫోన్ లేని ముసలమ్మలకి ఊళ్ళోనే డబ్బు మార్చి ఇస్తున్నాడు. పత్తి సీసీఐకి వేస్తే డబ్బు ఎటూ రైతు ఖాతాలోకే వస్తుంది. మిర్చి డబ్బు కూడా బ్యాంకులోనే వేయమని యార్డులో పట్టుబట్టాడు. సంచి లేకపోతే సంచి కోసం వచ్చేవాడూ ఉండడు. చీకటి పడితే గుంటూరులోనే మా ఇంట్లో ఆగుతున్నాడు.

ఇక నా సంగతి. హైదరాబాద్‌లో క్యాబుల్లో, గుంటూరు బస్టాండులో తెల్లవారుజామున తిరిగేదాన్ని కాబట్టి నా బ్యాగులో మొదటి నుంచీ పెప్పర్ స్ప్రే ఉంటుంది. పేరుకి పెప్పర్, లోపలున్నది మన మిరపకాయే. మిరపలోంచి తీసిన ఘాటు నూనె. మిర్చి యార్డులో తేజ టిక్కీల మధ్య రెండు నిమిషాలు నిలబడ్డవాళ్ళకి దాని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు రోజు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో కొట్టింది ఇదే. కొందరు ఎంపీలని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దీనికి లైసెన్సు అక్కర్లేదు. విమానంలో చేతి సంచీలో మాత్రం రానివ్వరు. అలాగని ఎవరి మీదైనా కొట్టొచ్చని కాదు. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో, ప్రాణానికి ప్రమాదం లేని గొడవలో దీన్ని వాడితే ఆత్మరక్షణ కిందికి రాదని చెప్పింది. తుపాకీ అయినా, స్ప్రే అయినా, పత్తికట్టె అయినా భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ఒకటే అంటుంది, అవసరానికి మించి హాని చేయకూడదని.

ఫోన్లో శక్తి యాప్ కూడా పెట్టుకున్నాను, మన మార్కాపురంలోనే 2025 మార్చి 8న మొదలుపెట్టారు. అయినా నా చెయ్యి ముందు వెళ్ళేది స్ప్రే మీదికే.

పిన్నికి కూడా ఒకటి కొనిచ్చాను. వాడటం నేర్పిద్దామని కళ్ళంలోకి తీసుకెళ్ళి, పాతబడిపోయిన నా డబ్బా చేతికిచ్చాను. మూడు నాలుగు అడుగుల దూరంలో కొట్టాలి, ముఖానికే కొట్టాలి, కొట్టి పరిగెత్తాలి అని చెప్తున్నాను. పిన్ని వినిపించుకోకుండా వంగి పిడికెడు మట్టి తీసి పైకి విసిరింది. మట్టి మా వైపుకే వచ్చింది. "గాలి తూర్పు నుంచి వస్తోంది, నువ్వు ఇటొచ్చి నిలబడు" అని నన్ను రెక్క పట్టుకుని పక్కకి లాగింది.